చెక్క అరుగు కింద పసివాడు

ఇటు దగ్గరగా జరిగి కూర్చోండి. అరిచి చెప్పుకునే సంగతి కాదిది. ఒక పెద్దమనిషి పరువూ, ఆయన కూతురి పరువూ ఇందులో ఉన్నాయి. తల దించుకోవలసింది ఎవరో తేలేదాకా గొంతు తగ్గించి చెప్పుకోవడమే మర్యాద.

గురువారం పొద్దున్నే వెన్‌ఫీల్డ్ చర్చి తలుపు తీసిన పాస్టరుగారు హ్యూ టాంక్రెడ్ నడవ మధ్యలోనే ఆగిపోయారు. దక్షిణపు గోడ వారగా బెంచీల కింద ఉండే చెక్క అరుగు పలకలు కొన్ని ఊడి పక్కన పడి ఉన్నాయి. అరుగు పొట్టలోంచి పాత మట్టి వాసన వస్తోంది. పోలీసులకు చెబితే ఆదివారం జరగబోయే పెద్ద పని కాస్తా నవ్వులపాలవుతుందని భయపడి, ఆయన డోర్కస్ హెయిల్‌స్టన్‌కు ఫోన్ చేశారు.

డోర్కస్ పోయినవాళ్ళ ఆనవాళ్ళు వెతికే మనిషి. నిన్నా మొన్నా పోయినవాళ్ళు కాదు, మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు. ఫలానా ముత్తాత ఏ ఊరివాడు, ఫలానా అవ్వ ఎవరి కూతురు అని తగాదాలు పడేవాళ్ళకు సాక్ష్యం తవ్వి తెచ్చిపెడుతుంది. అరవై దాటినా ఆమె చూపు సూదిమొన. ఆ విద్య నేర్పింది తండ్రి ఆంబ్రోస్. ఆ ఊరి బడిపంతులుగా పనిచేసి, తొంభై ఏళ్ళు పైబడి, ఇప్పుడు చర్చి ఎదుటి సందులోనే ఉంటున్నారు.

ఇక ఆదివారం పని ఏమిటంటారా? ఒబదయా పెంఫ్రీ అని ఒకాయన 1635లో ఇంగ్లండులో ఓడెక్కి అమెరికాలో మసాచుసెట్స్ తీరాన దిగాడు. అక్కడ ఆయన సంతానం ఊళ్ళకు ఊళ్ళు నిండిపోయింది గానీ, ఆయన ఇక్కడ ఏ గడ్డ మీద పుట్టాడో ఎవరికీ తెలియదు. సఫోక్‌లో ఈ వెన్‌ఫీల్డే అని ఒక పక్షం. కాదు, పడమట డెవన్‌లో ఇంకో ఊరని రెండో పక్షం. వాళ్ళూ వాళ్ళూ ఎదురుపడితే పలకరించుకోరు కూడా. చాలా ఏళ్ళ కిందట ఆంబ్రోస్ పంతులుగారు తేల్చి చెప్పారు: 1610 జూన్‌లో ఈ చర్చిలో బాప్తిస్మం పొందిన రాబర్ట్ పెంఫ్రీ కొడుకు ఒబదయానే ఆ ఓడెక్కినవాడని. ఆ వంశంవాడు హోరేస్ పెంఫ్రీ సముద్రం దాటి వచ్చి, పంతులుగారి చేతులు పట్టుకుని ఏడ్చాడట. ఆ హోరేస్ కిందటేడు పోయాడు. ఆదివారంనాడు అతని భార్య లవీనియా అతని బూడిద తెచ్చి, ఈ చర్చి గోడ పక్కన 'మా వాళ్ళ మధ్య' పాతిపెట్టబోతోంది. లోపల చెక్క అరుగు తీసేసి ఒబదయా పేర ఒక పలకరాయి వేస్తారు. ఇది ఆయన ఊరే అని డోర్కస్ అందరి ముందూ నిలబడి చెప్పాలి.

అటువంటి అరుగును ఎవరో ముందే విప్పేశారు.

డోర్కస్ చర్చిలోకి రాగానే గుంట దగ్గరికి పోలేదు. ముందు తాళంచెవి చూసుకునే మనిషి దగ్గరికి పోయింది. ఆ మనిషి ఈథెల్ మంఫర్డ్. చర్చిలో పూలు సర్దే ముసలావిడ. ఆ పూట పూలన్నీ తలకిందులుగా పెడుతోంది.

"ఈథెల్ అత్తా, నిన్న సాయంత్రం..."

"నేనెవర్నీ చూళ్ళేదమ్మా."

"చూశావా అని నేనింకా అడగందే!"

"అడుగుతావు కదా, అందుకని ముందే చెప్పేశా." ఈథెల్ సంచిలోంచి పొట్లం తీసింది. "షాజీరా కేకు తింటావా? నిన్న చేశా. కొంచెం మాడింది."

"నువ్వు కేకు మాడ్చడం నా జన్మలో చూళ్ళేదు. పొయ్యి మీద పెట్టి ఎక్కడికి పోయావేం?"

"ఎక్కడికి పోతాను? ఇక్కడికే. దీపాలు ఆర్పానో లేదో అని."

"ఆర్పావా?"

"ఆర్పాను."

"మరి పలకలు ఊడి ఉండటం కనపళ్ళేదా?"

ఈథెల్ కాడలు తెంచడం మొదలుపెట్టింది. తెంచక్కర్లేని కాడలు కూడా తెంచింది. "నాకు చూపు ఆనదు తల్లీ, చీకట్లో" అంది. దీపాలు ఆర్పడానికి వచ్చిన మనిషి చీకట్లో ఎందుకు నిలబడిందని డోర్కస్ అడగలేదు. అడిగితే ముసలిది ఏడ్చేలా ఉంది. తాళంచెవి ఎక్కడుందని మాత్రం అడిగింది.

"ఎప్పటిలాగే, వాకిట్లో పూలకుండీ కింద. ఊరందరికీ తెలిసిందేగా. దొంగలకు తెలిస్తే తప్పుగానీ."

డోర్కస్ గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పాస్టరుగారు టార్చి పట్టుకున్నారు. పలకలను పెళ్ళగించలేదు, స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి, పొట్టివి ఒక వరసా పొడుగువి ఒక వరసా గోడ వారగా పేర్చారు. దొంగకు అంత ఓపిక ఉంటుందా? ఒక స్క్రూ తీసి వేళ్ళ మధ్య నలిపింది. జిగురుగా, తెల్లగా ఏదో అంటుకుంది. వాసన చూసింది. పాత సబ్బు. ఏనాడో బిగించినప్పుడే సబ్బు రాసి బిగించారన్నమాట, మళ్ళీ విప్పినప్పుడు తేలిగ్గా రావాలని. గుంట అంచున, ప్రార్థనలో మోకాళ్ళ కింద వేసుకునే దిండ్లు ఒకదాని మీద ఒకటి రెండు పెట్టి ఉన్నాయి. ఒకటి చాలని మోకాళ్ళు ఎవరివో.

"ఇదేదో రాయిలా ఉంది" అన్నారు పాస్టరుగారు.

చేత్తో దుమ్ము తుడిచింది. రొట్టెలపీట అంత చిన్న రాయి. అక్షరాలు అరిగినా చదవడానికి వస్తున్నాయి.

*ఒబదయా. రాబర్ట్ పెంఫ్రీ కుమారుడు. ఈ పసివాడు ఇక్కడ నిద్రిస్తున్నాడు. ఫిబ్రవరి 1610.*

చివరి అంకె మీద తెల్లగా కొత్త గీత. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టి, ఎందుకో ఆపేశారు.

పాస్టరుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పసివాడా! ఒబదయా చిన్నప్పుడే..." అని, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఒక్కసారిగా నవ్వారు. "ఉండండుండండి. మన ఒబదయా బాప్తిస్మం జూన్ కదా? ఈ పిల్లాడు పోయింది అదే ఏడు ఫిబ్రవరిలో. అంటే వీడు అన్న! వీడు పోయాక పుట్టినవాడికి అదే పేరు పెట్టారు. ఆ రోజుల్లో అలా పెట్టడం మామూలేగా. దేవుడు చల్లగా చూశాడు!"

డోర్కస్ నవ్వలేదు.

ఆ కాలంలో ఇంగ్లండువాళ్ళకు కొత్త సంవత్సరం జనవరిలో వచ్చేది కాదండీ. మార్చి ఇరవై అయిదున వచ్చేది. ఉగాది వచ్చేదాకా మాఘమూ ఫాల్గుణమూ పాత ఏడాది లెక్కే కదూ, అలాగే వాళ్ళ జనవరీ ఫిబ్రవరీ పాత ఏడాదికి తోకలా ఉండేవి. వాళ్ళ 1610 మార్చిలో మొదలైంది. జూన్ వచ్చింది, పిల్లాడికి నీళ్ళు చల్లి పేరు పెట్టారు. కోతలయ్యాయి, మంచు పడింది, క్రిస్మస్ పోయింది. ఆ తరువాత వచ్చిన ఫిబ్రవరి కూడా 1610 ఫిబ్రవరే. ఈ రాయి కింది పసివాడు అన్న కాదు. జూన్‌లో పేరు పెట్టించుకున్నవాడే. ఏడాది నిండకుండానే పోయాడు. వాడు ఏ ఓడా ఎక్కలేదు, ఏ సముద్రమూ దాటలేదు.

పాస్టరుగారికి అదే మెల్లగా చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు ఒక పక్కనుంచి ఆరిపోయింది. "మరి చావుల పుస్తకంలో..."

"ఆ ఏళ్ళ కాగితాలు ఎప్పుడో వాన నీళ్ళకు చివికిపోయాయి. ఈ రాయొక్కటే సాక్ష్యం."

"మంచి సాక్ష్యమే" అంది వెనకనుంచి ఒక గొంతు.

సైలస్ విట్‌కమ్. మసాచుసెట్స్ వకీలు, డెవన్ పక్షానికి పెద్ద. సన్నగా, ఇస్త్రీ మడతలా ఉంటాడు. నడవలో నిలబడి ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు.

డోర్కస్ లేచింది. మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకోలేదు. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు మనిషికి కోపం ముందు దొరుకుతుంది, ఎదుటివాడు ఎలాగూ ఉంటాడు కనుక.

"అరుగు మీరే విప్పారు."

"నేనా?"

"మీరు ఈ ఊళ్ళో దిగి రెండు రోజులు కాలేదు, చర్చికి రంధ్రం పడింది. తాళంచెవి ఎక్కడుంటుందో పబ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. నలభై ఏళ్ళుగా మా నాన్నను అబద్ధాలకోరని రాస్తున్నారు. ఆదివారంలోగా ఏదో ఒకటి తవ్వకపోతే మీ ముఖం చెల్లదు. నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"పబ్‌లోనే. క్విజ్ ఆడుతున్నా. ఈ పాస్టరుగారి భార్య నన్ను చిత్తుగా ఓడించింది. దేశాల నదుల మీద అడిగితే నోరెళ్ళబెట్టా. తలుపులు మూసేదాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు."

పాస్టరుగారు నేల చూశారు. "నిజమే డోర్కస్. నేనూ అక్కడే ఉన్నాను."

"మనుషుల్ని పెట్టి చేయించి ఉంటారు" అంది డోర్కస్. ఆ మాట నోట్లో ఉండగానే అది చచ్చు మాటని ఆమెకు తెలుసు.

సైలస్ గుంటలోకి వంగి చూశాడు. "మేడమ్, మీరు ఈ పనిలో ఆరితేరినవారు. నేను చెప్పాలా? ఆ గీత చూడండి. విప్పినవాడు చదవడానికి విప్పలేదు, చెరపడానికి విప్పాడు. ఈ రాయి నాకు చుట్టం. నేను పుట్టి పెరిగి ఎదురుచూసిన చుట్టం. చుట్టాన్ని ఎవడైనా పీక పిసుకుతాడా? ఇది బతికుంటే చచ్చేదెవరో ఆ ఇంటికి వెళ్ళి అడగండి."

అని, ఊడిన పలకల్లో ఒకదాన్ని బూటు కొసతో తిప్పాడు. దానికి బిగించిన ఇత్తడి రేకు మెరిసింది. ఆ రేకును డోర్కస్ చిన్నతనంలో ప్రతి ఆదివారమూ గౌను అంచుతో తుడిచి మెరిపించేది, పక్కపిల్లలు చదవాలని. సైలస్ గట్టిగా చదివాడు.

"'ఈ అరుగు ఆంబ్రోస్ హెయిల్‌స్టన్ కానుక.' మంచి కానుక. నేలంతా చల్లగా ఉంటే, ఈ ఒక్క మూలే పాదాలకు వెచ్చగా ఉండాలనిపించింది పాపం మీ నాన్నగారికి."

పూల దగ్గర ఈథెల్ ముక్కు చీదింది. ఎందుకో గానీ సైలస్‌కు కూడా గెలిచిన ముఖం నిలబడలేదు. టోపీ చేతిలో తిప్పుతూ, "నేను ఆదివారం దాకా నోరు విప్పను. ఆ ముసలావిడకు మీరే చెప్పుకోండి. అంతవరకే" అని వెళ్ళిపోయాడు. శత్రువు చేసిన ఆ కాస్త మర్యాద డోర్కస్‌కు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. ఆయనను దొంగ అన్న నోటితో క్షమించమని కూడా అనలేకపోయింది.

సందు దాటుతుంటే ఆమె మనసు ఇంకా తండ్రి తరఫునే వాదిస్తోంది. పొరబడి ఉండొచ్చు కదా? పాస్టరుగారు పొరబడినట్టే? కానీ ఆ వాదం గుమ్మం దాకా కూడా రాలేదు. తన చిన్నప్పుడు ప్రతి ఏడూ మార్చి ఇరవై అయిదున నాన్న బడినుంచి వస్తూ తీపి బన్ను తెచ్చి, "పాతకాలం వాళ్ళకు ఈరోజే కొత్త సంవత్సరం, తిను" అనేవారు. ఊళ్ళో ప్రతి పిల్లకూ ఆ లెక్క నేర్పిన మనిషి ఆయన. ఆయన పొరబడటమా?

ఆంబ్రోస్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకున్నారు. కూతురు తలుపు మూసి, కోటు విప్పకుండానే అడిగింది.

"నాన్నా, ఉలి ఎక్కడ పెట్టారు?"

ఏ ఉలి అని అడుగుతారేమో అని ఆమె ఒక్క క్షణం ఆశపడింది. ఆయన అడగలేదు.

"రొట్టెల డబ్బాలో."

వెళ్ళి మూత తీసింది. రొట్టె పక్కనే ఉంది. మూత మళ్ళీ పెట్టేసింది.

"ఈథెల్ అత్త మిమ్మల్ని ఇంటికి తెచ్చిందా?"

"లేవలేకపోయానే. గుంట పక్కనే పడి ఉండిపోయా. అది దీపాలు చూద్దామని వచ్చి, నన్ను చూసి కెవ్వుమంది. తరువాత ఒక్క మాటా అడగలేదు, చంకలో చెయ్యి వేసి లేపింది. అడిగితే బాగుండేది." ఆయన చేతులు దుప్పటి అంచును మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. "రేపు పనివాళ్ళొచ్చి అరుగు తీస్తారంటే నిద్ర పట్టలేదు. ఏడాది అంకె ఒక్కటి చెక్కేస్తే చాలు, అన్న రాయే అనుకుంటారులే అనుకున్నా. ఒక్క దెబ్బ కొట్టా. దుమ్ము లేచి కళ్ళల్లో పడింది. తుడుచుకుని చూస్తే... పేరు కనబడింది. ఎవరో తల్లి చెక్కించుకున్న పేరు. ఆ పిల్లాడి బతుకే అంత. ఆ పేరు కూడా తీసి ఓడెక్కినవాడి మెడకు కట్టా. మళ్ళీ చావు కూడా చెరిపేస్తానా? చెయ్యి రాలేదే."

"మొదట్నుంచీ తెలుసా మీకు?"

ఆయన జవాబు చెప్పేలోగా వాకిట్లో కారు ఆగింది. డోర్కస్ కిటికీలోంచి చూసింది. నీలం కోటు, తెల్ల జుట్టు, ఒళ్ళో పదిలంగా పట్టుకున్న చెక్క పెట్టె. శనివారం రావలసిన లవీనియా పెంఫ్రీ గురువారమే దిగింది.

"ఆగలేకపోయానమ్మాయ్!" అంటూ వచ్చింది. మనిషి పిట్టంత, గొంతు కొండంత. "హోటల్లో ఈయన్ని బీరువాలో పెట్టమంటాడు ఆ కుర్రాడు. నా మొగుడు బీరువాలో ఉండేవాడు కాడు నాయనా అన్నా. ఆంబ్రోస్, చూడు ఎవర్ని తెచ్చానో!" పెట్టె బల్ల మీద, టీ కప్పుల పక్కన పెట్టింది. పైన చేత్తో రెండుసార్లు తట్టింది. "స్థలం తవ్వారా? దక్షిణం వైపేనా? ఎండ పొడ లేకపోతే ఈయన సణుగుతాడు."

డోర్కస్ నోరు తెరిచింది. ఎన్ని కుటుంబాలకు ఎన్ని చేదు నిజాలు చెప్పి ఉంటుందో. మీ తాత దొర కాదమ్మా, దొర గుర్రాలు కడిగినవాడని నవ్వుతూ చెప్పిన మనిషి. ఇప్పుడు ఊరికే టీ కప్పులు పక్కకు సర్దింది. అన్నిటికన్నా సిగ్గుచేటు ఏమిటంటే, చెప్పకపోతే ఏమవుతుందన్న ఆలోచన ఆమెకు వచ్చింది. పలకలు బిగించేస్తే? పాస్టరు మెత్తని మనిషి. ఈథెల్ నోరు విప్పదు. ఒక్క సైలసే. ఆయన మాట ఎవరు నమ్ముతారు? తండ్రి యాభై అయిదేళ్ళ కిందట నిలబడ్డ చోటే తనూ నిలబడి ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఆంటీ, కూర్చోండి" అంది. "అది... అది మీ ఊరు కాదు."

లవీనియా నవ్వింది, జోకేమో అని. తరువాత డోర్కస్ ముఖం చూసి నవ్వడం మానేసింది. రాయి సంగతి, ఫిబ్రవరి సంగతి డోర్కస్ దాచకుండా చెప్పింది. లవీనియా అంతా విని, డోర్కస్‌ను వదిలేసి ఆంబ్రోస్ వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే" అన్నారు ఆంబ్రోస్. "నీ మొగుడు నా పక్కనే ఉన్నాడు."

డోర్కస్ ఉలిక్కిపడింది. ఈ మాట ఆమె ఊహలో కూడా లేదు.

"ఇద్దరం కలిసే దుమ్ము తుడిచాం. చదివాడు. 'ఫిబ్రవరి! జూన్‌కి ముందే! అన్నయ్య అన్నమాట, ఆంబ్రోస్!' అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. మీ దేశంవాడు, పాత లెక్క అతనికేం తెలుసు? చెబుదామని నోరు తెరిచా లవీనియా. ఒట్టు. కానీ అప్పటికే ఏడుస్తున్నాడు. తన ఊరు దొరికిందని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆగాక చెబుదాంలే అనుకున్నా. ఆగాక టీ తాగాం. టీ అయ్యాక మీ ఇంటికి ఫోన్ చేశాడు."

"ఆ ఫోను నేనే ఎత్తాను" అంది లవీనియా.

"ఆ తరువాత ఇంకెవరైనా చదువుతారని భయమేసింది. అరుగు వేయించా."

ఆంబ్రోస్ తిట్టించుకోవడానికి సిద్ధమై తల వంచుకున్నారు. తిడితే ఆయనకు హాయిగా ఉండేది. లవీనియా తిట్టలేదు. పెట్టెను మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుని, కోటు అంచుతో దాని మూత మీద పడిన టీ చుక్క తుడిచింది.

"మా ఊళ్ళో మాకు స్థలముండేది" అంది. "వాళ్ళ నాన్న పక్కన, వాళ్ళ అమ్మ పక్కన. 'మనకెందుకే, నేను వెన్‌ఫీల్డ్‌లో పడుకుంటా' అని మరిది కొడుక్కి రాసిచ్చేశాడు. పోయిన నెల ఆ పిల్లాడి భార్యను అందులోనే పెట్టారు. ఇప్పుడు అక్కడ చోటు లేదు." ఆంబ్రోస్‌ను చూసింది, డోర్కస్‌ను చూసింది. గొంతు పెంచలేదు. "నువ్వు చదువుకున్నవాడివి కదా ఆంబ్రోస్, చెప్పు. ఈయన్ని నేనెక్కడికి తీసుకుపోను?"

 

ఈ పూటకు ఇంతే. మీరు ఇంకెవరికైనా చెప్పేటప్పుడు ఆంబ్రోస్‌ను మరీ దుర్మార్గుణ్ణి చేసి చెప్పకండి, ఆయన అంతవాడు కాదు. కానీ లవీనియా అడిగిన ఆ ఒక్క మాట మాత్రం మెత్తబరచకుండా, ఆవిడ అడిగినట్టే గుర్తుంచుకుని చెప్పండి.